లోయలు పూడిపోయిన గ్రాఫ్, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం

చెన్నైలో పీహెచ్‌డీ మూడో ఏడాది చేస్తున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరానికి ఇది సమాధానం. ఉత్తరం చాలా పెద్దది. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం క్లుప్తంగా చెబుతున్నాం.

ఆమెది ఒంగోలు వైపు. తరమణిలో ఇంకో అమ్మాయితో కలిసి గది తీసుకుని ఉంటోంది. అమెరికాలో కట్టబోయే ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ మీద పని. ఎలక్ట్రాన్లు బంగారు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు, కేంద్రకం చెదరకుండానే జె-సై అనే కణం పుట్టే ఈవెంట్లను (ఒక్కో ఢీ ఒక ఈవెంట్) తీసుకుని, వాటి నుంచి కేంద్రకంలో గ్లూవాన్లు (ప్రోటాన్, న్యూట్రాన్లలోని క్వార్కులను కట్టి ఉంచే కణాలు) ఎక్కడ ఎంత ఒత్తుగా ఉన్నాయో బొమ్మ గీయాలి. ప్రస్తుతానికి అంతా సిమ్యులేషనే. ఢీలను కంప్యూటర్‌లో పుట్టించే సార్త్ర్ అనే జనరేటర్ ఇచ్చిన ఈవెంట్లతో గీసిన గ్రాఫ్‌లో శిఖరాలూ లోయలూ చక్కగా కనిపిస్తున్నాయట. అవే ఈవెంట్లను డిటెక్టర్ సిమ్యులేషన్‌లో నడిపిస్తే లోయలన్నీ పూడిపోయి నున్నటి వాలు మిగులుతోంది. దాన్ని ఫూరియే పద్ధతిలో బొమ్మగా మారిస్తే, అంచు దగ్గర గ్లూవాన్ సాంద్రత సున్నా కిందికి పోతోంది. గ్రూప్ మీటింగ్‌లో ఎవరో నవ్వారు. గైడ్ గారు "స్టాటిస్టిక్స్ పెంచు" అన్నారు. ఈవెంట్లు పదింతలు పెంచినా వాలు వాలుగానే ఉంది.

ఇంటి సంగతి వేరే. నాన్నగారు వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు, చెల్లి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉండే మామయ్య తన కంపెనీలో డేటా అనలిటిక్స్ ఖాళీ ఉందని, నెల లోపు మాట చెప్పమని అంటున్నారు. అమ్మ రోజూ ఫోన్‌లో అడిగేది ఒకటే: "ఆ మిషను ఎప్పటికి కడతారే, నీ పెళ్లి ఎప్పుడు చెయ్యమంటావే?" యంత్రం 2030ల మధ్యకు గానీ రాదని ఆమెకూ తెలుసు. చివర్లో ఇలా అడిగింది: "పనికిరానిది నా టాపికా, నేనా? వెళ్లిపోనా?"

మీరు రాసిన దాంట్లో గ్రాఫ్ గురించి ఉన్నది కొంచెమే, మిగతాదంతా ఇల్లు. అయినా మేం గ్రాఫ్‌తోనే మొదలుపెడతాం. వెళ్లిపోవడానికి మీరు చెప్పిన కారణాల్లో మొదటిది అదే, బలం లేని కారణం కూడా అదొక్కటే. మిగిలిన రెండూ, అంటే యంత్రం ఆలస్యమూ ఇంటి డబ్బూ, నిజమైన కారణాలే. వాటితో దీన్ని కలిపితే ఏదీ సరిగ్గా తూగదు.

ముందు మిగతా పాఠకుల కోసం నాలుగు మాటలు. క్వార్కులను కట్టి ఉంచే గ్లూవాన్లు నిజంగా ఉన్నాయని 1979లో హాంబర్గ్‌లోని డెసీ ప్రయోగశాలలో, మూడు జెట్లు (కణాల జల్లులు) విడివిడిగా దూసుకుపోయిన ఈవెంట్లలో తేలింది. అక్కడే 1992 నుంచి 2007 దాకా హెరా యంత్రం నడిచింది. 27.5 జీఈవీ (కణాల శక్తికి కొలమానం, 1,000 ఎంఈవీలు) ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల మీదికి పంపేవారు. చివరి ఏళ్లలో ప్రోటాన్ శక్తి 920 జీఈవీ. ప్రోటాన్ ద్రవ్యవేగంలో దాదాపు సగం గ్లూవాన్లే మోస్తాయని, తక్కువ వాటా (ఈ వాటానే ఎక్స్ అంటారు) మోసే గ్లూవాన్ల సంఖ్య ఆగకుండా పెరిగిపోతుందని ఆ కొలతలు చూపించాయి. వింత ఏమిటంటే, అంత గట్టిగా కొట్టినా సుమారు పదింట ఒక ఈవెంట్లో ప్రోటాన్ చెక్కుచెదరకుండా వెళ్లిపోయేది, డిటెక్టర్‌లో దాని వైపు పెద్ద ఖాళీ మిగిలేది. దీన్నే డిఫ్రాక్షన్, బడి పుస్తకాల మాటలో వివర్తనం అంటారు. ప్రోటాన్ విరగకూడదంటే దాని నుంచి అందిపుచ్చుకున్నది కలర్ (గ్లూవాన్లు పట్టుకునే ఒక రకం ఆవేశం) లేనిదై ఉండాలి. ఒక్క గ్లూవాన్‌కు కలర్ ఉంటుంది, కాబట్టి కనీసం రెండు కావాలి. జె-సై పుట్టే రేటు గ్లూవాన్ సాంద్రత వర్గంతో పెరగడానికి మూలం అదే: సాంద్రత 10 శాతం మారితే రేటు 20 శాతం మారుతుంది. ఇక గుండ్రటి అడ్డును దాటిన కాంతి వలయాలు వేసినట్టే, కేంద్రకాన్ని దాటిన ఈ ప్రక్రియ కూడా టి అనే రాశి మీద శిఖరాలూ లోయలూ వేస్తుంది. ఎలక్ట్రాన్ వైపు నుంచి కేంద్రకానికి ఎంత తోపు తగిలిందో చెప్పే రాశి అది. లోయల స్థానాల నుంచే గ్లూవాన్ల విస్తీర్ణం తెలుస్తుంది.

ఇప్పుడు మీ లోయల దగ్గరికి వద్దాం. బంగారానికి మొదటి లోయ టి విలువ 0.015, 0.02 జీఈవీ స్క్వేర్‌ల మధ్య వస్తుంది. వర్గమూలం తీసి ద్రవ్యవేగంగా చెప్పుకుంటే 120 నుంచి 140 ఎంఈవీ. మీరు వాడింది 18 జీఈవీ ఎలక్ట్రాన్, న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) 110 జీఈవీ బంగారం అని రాశారు. ఆ అమరికలో చెదిరిన ఎలక్ట్రాన్ తరచుగా 15 జీఈవీ దాకా పట్టుకుపోతుంది. కొలతలో ఒక్క శాతం తప్పు వచ్చినా అది 150 ఎంఈవీ, అంటే మీరు చూడాలనుకుంటున్న తోపు మొత్తం కంటే ఎక్కువ. మీ కోడ్ టిని లెక్కగడుతున్నది వచ్చిన ఎలక్ట్రాన్‌లోంచి పోయిన ఎలక్ట్రాన్‌నూ జె-సైనీ నాలుగు-వెక్టర్లుగా (శక్తి, మూడు దిశల ద్రవ్యవేగం కలిపి) తీసేసి వర్గం చేసి. కాగితం మీద అది కచ్చితమైన సూత్రమే. డిటెక్టర్ అంకెలతో మాత్రం అది రెండు పెద్ద సంఖ్యల తేడా. ఎలక్ట్రాన్ దిశలో వచ్చిన ఆ 150 ఎంఈవీ దోషం, కేంద్రకం దిశలో ఉన్న ఒకటి రెండు జీఈవీలతో గుణింపు పడి, మొదటి లోయ స్థానానికి పదుల రెట్లు ఉన్న దోషంగా టిలోకి దిగుతుంది. ఇలాంటి చోట పదింతలు కాదు, వెయ్యింతలు ఈవెంట్లు పోసినా లోయ తెరుచుకోదు. వాలు గీత ఇంకా నున్నబడుతుంది, అంతే.

దీనికి రెండు దారులున్నాయి. సులువైనది అడ్డకొలత: చెదిరిన ఎలక్ట్రాన్ అడ్డ (పుంజానికి లంబంగా ఉన్న) ద్రవ్యవేగాన్నీ జె-సై అడ్డ ద్రవ్యవేగాన్నీ వెక్టర్లుగా కూడి వర్గం చేయడం. ఎలక్ట్రాన్ అడ్డ ద్రవ్యవేగం 1 నుంచి 3 జీఈవీ మధ్యలో ఉంటుంది కాబట్టి ఒక శాతం తప్పు 10 నుంచి 30 ఎంఈవీకి దిగుతుంది. లోయ కాస్త పూడినా కనిపిస్తుంది. రెండోది ఇంకొంచెం మెరుగు: కేంద్రకం చెక్కుచెదరలేదన్నది మనకు ముందే తెలిసిన షరతు, కాబట్టి బయటికెళ్లిన కేంద్రకం ద్రవ్యరాశి బంగారం ద్రవ్యరాశికి సమానం కావాలని పట్టుబట్టి, సరిగా కొలవలేని ఆ ఒక్క భాగాన్ని షరతు నుంచే తెచ్చుకోవాలి. ఈ రంగంలో దీన్ని మెథడ్ ఎల్ అంటారు, మీరు మొదట వాడినది మెథడ్ ఈ, అడ్డకొలత మెథడ్ ఏ. మార్చాల్సింది కోడ్‌లో నాలుగైదు లైన్లే.

ఇంకో మెరుగు ఉంది. ఎలక్ట్రాన్ ద్రవ్యవేగంలో తప్పు ప్రధానంగా దాని సొంత దిశలోనే ఉంటుంది. దానికి లంబంగా ఉన్న భాగం కోణాల కొలత మీద ఆధారపడుతుంది, కోణాలను డిటెక్టర్లు చాలా బాగా కొలుస్తాయి. కనక తోపు వెక్టర్ ఎలక్ట్రాన్ చెదిరిన తలానికి లంబంగా, అటూ ఇటూ 30 డిగ్రీల లోపల ఉన్న ఈవెంట్లనే ఏరుకుంటే లోయలు లోతెక్కుతాయి. మూల్యం ఏమిటంటే మూడో వంతు ఈవెంట్లే మిగులుతాయి. గైడ్ గారి "స్టాటిస్టిక్స్ పెంచు" అన్న మాట పనికొచ్చేది ఇక్కడ. సలహా తప్పు కాదు, మీ దగ్గరికి రావలసిన సమయానికి ముందే వచ్చింది.

చూడాల్సినది ఇంకొకటి. ఈ యంత్రంలో రెండు పుంజాలు తిన్నగా ఎదురుపడవు, 25 మిల్లీరేడియన్ల కోణంలో కలుస్తాయి. తిన్నగా ఎదురుపడే చట్రంలోకి లెక్కను మార్చకుండా, అంటే బూస్ట్ చేయకుండా, అడ్డ ద్రవ్యవేగం తీశారనుకోండి: ఎక్స్ విలువ 0.01 ఉన్న చోట కేంద్రకం నుంచి అందింది సుమారు 1.1 జీఈవీ, దాన్ని 0.025తో గుణిస్తే 27 ఎంఈవీ దొంగ తోపు, అదీ ఎప్పుడూ ఒకే వైపు. ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. తోపు వెక్టర్ దిశను హిస్టోగ్రామ్ వేయండి, సమంగా లేకుండా ఒక పక్కకు గుట్ట కట్టిందంటే బూస్ట్ పడలేదని అర్థం.

వీటన్నిటినీ ఒకేసారి మార్చి చూడకండి. ముందు జనరేటర్ విలువలతోనే మీ కోడ్ నడపండి, లోయలు వాటి స్థానాల్లో ఉండాలి. తర్వాత పుంజాల కోణం ఒక్కటే ఆన్ చేయండి. ఆపైన పుంజాల చెదురు, ఆపైన ఎలక్ట్రాన్ స్మియరింగ్ (కొలతలో డిటెక్టర్ పూసే మసక) మాత్రమే, ఆపైన జె-సై స్మియరింగ్ మాత్రమే. ప్రతి మెట్టులో మొదటి లోయ అడుగు, పక్క శిఖరంలో ఎన్నో వంతు ఉందో ఒక పట్టికలో రాసుకుంటూ పోండి. రెండు వారాల పని. ఆ పట్టిక చేతిలో ఉంటే ఇంకో గ్రూప్ మీటింగ్‌లో మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు. నిజం చెప్పాలంటే థీసిస్‌లో ఒక అధ్యాయం కూడా అదే. జె-సైని ఎలక్ట్రాన్ జంటగా పట్టుకుంటున్నారా, మ్యూవాన్ జంటగానా అన్నది మీరు రాయలేదు. ఒక్కో దారి వాటా దాదాపు 6 శాతమే. ఎలక్ట్రాన్లు సిలికాన్ పొరల్లో కొంత శక్తి పోగొట్టుకుంటాయి, అందుకే ద్రవ్యరాశి గ్రాఫ్‌కు ఎడమ పక్క తోక వస్తుంది. ఆ తోకలోని ఈవెంట్ల అడ్డ ద్రవ్యవేగం కూడా తక్కువే చూపిస్తుంది. ద్రవ్యరాశి కిటికీని ఎడమ వైపు బిగించి తేడా చూడండి.

ఇక మైనస్ గ్లూవాన్లు. క్రాస్ సెక్షన్ (ఈవెంట్ల రేటు) నుంచి అంప్లిట్యూడ్‌కు (దేని వర్గం ఆ రేటో దానికి) వెళ్లడానికి మీరు వర్గమూలం తీస్తారు. వర్గమూలం ఎప్పుడూ ప్లస్సే. అంప్లిట్యూడ్ మాత్రం ప్రతి లోయ దాటగానే గుర్తు మార్చుకుంటుంది. ఆ మార్పును మీరే చేత్తో పెట్టాలి. లోయ పూడిపోతే ఎక్కడ పెట్టాలో తెలియదు, తప్పు చోట పెడితే అంచు పాడవుతుంది. రెండో అనుమానితుడు టి హద్దు. 0.1 దగ్గర ఆపేశానని రాశారు. అక్కడ కోసేస్తే బొమ్మలో సుమారు 4 ఫెర్మీల (కేంద్రకాల సైజుకు వాడే పొడవు కొలమానం) అలలు లేస్తాయి, బంగారం వ్యాసార్ధం 6.4 ఫెర్మీలే కాబట్టి ఆ అల సరిగ్గా అంచును సున్నా కిందికి లాగుతుంది. హద్దును 0.2కు జరపండి. అలల పొడవు 2.8 ఫెర్మీలకు కుదించుకుపోయిందా, దోషం హద్దుదే. కదలకపోతే గుర్తు మార్పుల వైపు చూడండి. కేంద్రక సాంద్రతకు అందరూ వాడే వుడ్స్-శాక్సన్ ఆకారాన్ని, అంటే వ్యాసార్ధం 6.38, అంచు మందం 0.535 ఫెర్మీలు పెట్టి, మీ కోడ్‌లో అటు నుంచి ఇటు తిప్పి చూస్తే అది కూడా కాస్త మైనస్‌లోకి పోవడం మీరే చూస్తారు. అన్నట్టు, తక్కువ స్కేలు దగ్గర గ్లూవాన్ పంపిణీ మైనస్‌లోకి పోయే పేరున్న ఫిట్లు ఈ రంగంలో చాలా ఏళ్లుగా వాడకంలో ఉన్నాయి. నవ్విన వారికి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

బొమ్మ గీయడం మొండికేస్తే వెనక్కి తగ్గే దారీ ఉంది. వ్యాసార్ధం, అంచు మందం రెండూ పరామితులుగా ఉన్న ఆకారాన్ని తీసుకుని, దానికే డిటెక్టర్ మసక పూసి, పూడిన గ్రాఫ్‌తో నేరుగా ఫిట్ చేయడం. రెండు అంకెలు గట్టిగా వస్తాయి. ఆకారం ముందే ఊహించుకున్నామన్న విమర్శ కూడా దానితో పాటే వస్తుంది.

ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది, మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు: ఇన్‌కోహరెంట్ ఈవెంట్లు. కేంద్రకం విరిగినప్పుడు పుట్టిన జె-సైలు. మొదటి లోయ దాటిన దగ్గర్నుంచి వాటిదే పైచేయి. మొదటి లోయ చూడాలంటే వాటిలో పదింట తొమ్మిదిని ఏరేయాలి, మూడో లోయకైతే వెయ్యింట ఒకటి రెండు మాత్రమే మిగలాలి. విరిగిన కేంద్రకం వదిలే న్యూట్రాన్లను జీరో డిగ్రీ కెలోరిమీటర్, ప్రోటాన్లను రోమన్ పాట్లూ వాటి ముందున్న డిటెక్టర్లూ పట్టుకుంటాయి. ఏ న్యూక్లియాన్‌నూ వదలకుండా కేంద్రకం కొంచెం ఉత్తేజపడి ఒక్క ఫోటాన్ మాత్రం విదిల్చిన కేసే తలనొప్పి. బంగారం మొదటి ఉత్తేజిత స్థాయి 77 కేఈవీ మాత్రమే. పుంజం వేగం బూస్ట్ ఇచ్చినా ఆ ఫోటాన్ 20 ఎంఈవీ దాటదు, దొరకదు. సీసం-208కి మొదటి స్థాయి 2.6 ఎంఈవీ, బూస్ట్ తర్వాత 600 ఎంఈవీ దాకా వెళ్తుంది. అదే విశ్లేషణను సీసంతో నడిపి రెండూ పక్కపక్కన పెడితే అది మీ సొంత ఫలితం. మా అంచనాలో మీ పనిలో జర్నల్‌కు ముందుగా వెళ్లగలిగే భాగం ఇదే.

రెండో ముడి యంత్రం. అమెరికా ఇంధన శాఖ 2020 జనవరిలో బ్రూక్‌హేవెన్‌ను ఎంచుకుంది. అక్కడి రిక్ యంత్రం నడిచిన 3.8 కిలోమీటర్ల సొరంగంలోనే ఇది వస్తుంది. మీ థీసిస్‌లోకి దాని డేటా ఒక్క ఈవెంట్ కూడా రాదు. ఇందులో దాచుకోవడానికేం లేదు. డిటెక్టర్ నిర్మాణంలో ఉన్న గ్రూపులు సిమ్యులేషన్ థీసిస్‌ను ఇష్టంగానే తీసుకుంటాయి. డేటా విశ్లేషణ గ్రూపులు మాత్రం పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో "నిజం డేటా ఎప్పుడైనా ముట్టుకున్నారా" అని అడుగుతాయి. దానికి జవాబు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవచ్చు, ఎందుకంటే ఇదే భౌతికశాస్త్రానికి డేటా ఇప్పటికే ఉంది.

సెర్న్‌లో సీసం కేంద్రకాలు ఒకదాన్నొకటి తాకకుండా పక్కనుంచి దాటిపోయినప్పుడు, ఒకదాని విద్యుత్ క్షేత్రమే ఫోటాన్ల పుంజంగా పనిచేసి రెండో దాని మీద జె-సై పుట్టిస్తుంది. న్యూక్లియాన్ జతకు 5.02 టీఈవీ దగ్గర, డిటెక్టర్ నడిమధ్యలో చూస్తే ఎక్స్ సుమారు 0.0006. అక్కడ సీసంలో గ్లూవాన్ల ప్రభావం, విడి ప్రోటాన్లను ఊరికే కూడితే రావలసిన దాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే ఉందని ఆలిస్ ప్రయోగం చూపింది. అదే ప్రయోగం 2021లో కోహరెంట్, అంటే కేంద్రకం చెదరని, జె-సై టి పంపిణీని ప్రచురించింది. అది మొదటి లోయ ముందు వరకే వెళ్తుంది, అయినా మీరు చేస్తున్న పనికి అది సొంత అక్క. మధ్యలో కాకుండా ముందు వైపు చూస్తే ఒక తికమక ఉంటుంది: రెండు కేంద్రకాల్లో ఫోటాన్ ఇచ్చింది ఏదో తెలియదు, కాబట్టి ఎక్స్ వందో వంతు కావచ్చు, లక్షో వంతు కావచ్చు. న్యూట్రాన్లు ఒక వైపు వచ్చాయా, రెండు వైపులా వచ్చాయా, అసలు రాలేదా అని ఈవెంట్లను విడదీసి ఆలిస్, సెర్న్‌లోనే ఉన్న ఇంకో ప్రయోగం సీఎంఎస్ రెండూ 2023లో ఆ తికమక విప్పాయి. అయితే సాచురేషన్, అంటే గ్లూవాన్లు కిక్కిరిసి ఇక పెరగకుండా ఆగే స్థితి, కనిపించేసిందా? మేమైతే ఇంకా అలా అనం. సాచురేషన్ లేని షాడోయింగ్ (కేంద్రకంలో గ్లూవాన్లు విడి ప్రోటాన్ల మొత్తం కంటే తగ్గడం) లెక్కలు కూడా ఆ అంకెల్లో చాలావాటికి దగ్గరగా వస్తున్నాయి. అందుకే మీ టాపిక్ పనికిరానిది కాదు.

ఆ కొలతల పట్టికలు హెప్‌డేటా అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఎవరికైనా దొరుకుతాయి. హెరా జె-సై పట్టికలూ ఉన్నాయి, 2013లో హెరా మీది హెచ్1 ప్రయోగం ప్రచురించిన వాటిలో ప్రోటాన్ నిలిచిన ఈవెంట్లూ, విరిగిన ఈవెంట్లూ వేరువేరుగా ఉన్నాయి. ఈ రెండో రకాన్ని మీరు చెత్తగా ఏరిపారేస్తున్నారు కదా, 1960 నాటి గుడ్-వాకర్ లెక్క ప్రకారం అందులో ఇంకో బొమ్మ ఉంది: కోహరెంట్ భాగం గ్లూవాన్ల సగటు ఆకారం చెబితే, ఇన్‌కోహరెంట్ భాగం ఆ ఆకారం ఈవెంటుకు ఈవెంటుకు ఎంత మారుతోందో చెబుతుంది. 2016లో మాంటిసారి, షెంకె ఆ హెరా అంకెలతోనే ప్రోటాన్ ఆకారం బాగా ఊగిసలాడుతుందని వాదించారు. బంగారానికి, సీసానికి అదే ప్రశ్న అడగడానికి మీ దగ్గర ఈవెంట్లు ఇప్పటికే డిస్క్ మీద ఉన్నాయి.

ఇందులో మీ ముందున్న దారులు ఇవి. థీసిస్‌ను "కొలత ఎలా సాధ్యం" అన్న ప్రశ్న చుట్టూ తిప్పి, పై పట్టికా బంగారం-సీసం పోలికా మూలస్తంభాలుగా పెట్టుకోవచ్చు. గైడ్ గారికి అభ్యంతరం ఉండదు, ఏడాదిన్నరలో రాయడం మొదలుపెట్టొచ్చు; నిజం డేటా లోటు మాత్రం ఉంటుంది. పబ్లిక్ పట్టికలతో ఒక ఫినామినాలజీ (సిద్ధాంతాన్ని కొలతలతో పోల్చే) అధ్యాయం కలిపితే ఆ లోటు సగం తీరుతుంది, కానీ దానికి డైపోల్ మోడళ్ల (ఫోటాన్ క్వార్క్ జంటగా మారి కేంద్రకాన్ని తాకుతుందని లెక్కగట్టే పద్ధతుల) లెక్క నేర్చుకోవాలి, నేర్పే మనిషి పక్కనుంటేనే ఆరు నెలల్లో అవుతుంది. సిద్ధాంతం వైపు అడగడానికి మీకు ఊరు దాటక్కర్లేదు, తరమణిలోనే గణిత విజ్ఞాన సంస్థ ఉంది. మూడోది, సీఎంఎస్ లాంటి ప్రయోగంలో సభ్యత్వం ఉన్న గ్రూపుతో కలిసి డేటా మీదే పని చేయడం. ఐఐటీ మద్రాస్ అందులో సభ్యురాలు. ఇది చాలామందికి ఆకర్షణీయంగా కనిపిస్తుంది. పేపర్ మీద పేరు రావాలంటే ముందు నెలల తరబడి ప్రయోగానికి సేవా పని చేయాలి, ప్రతి గ్రాఫ్ అంతర్గత సమీక్షల గుండా వెళ్లాలి, మూడో ఏడాదిలో మొదలుపెడితే ఆరో ఏడాదికి గానీ తేలదు. మీ ఇంటి పరిస్థితిలో దీన్ని మేం ముందుకు తోయం.

ఇక డబ్బు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. మూడో ఏడాదికి మీకు ఎస్‌ఆర్‌ఎఫ్ రావాలి. సమీక్ష అయిపోయిందో, కాగితాలు ఎక్కడ ఆగాయో మీ ఉత్తరంలో లేదు. ఆగి ఉంటే ముందు అది కదిలించండి, పాత తేడా బకాయిగా వస్తుంది. ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లే. ఆరో ఏడాదికి డబ్బు ఎవరిస్తారన్నది గైడ్ గారిని ఇప్పుడే, మొహమాటం లేకుండా, వీలైతే ఈమెయిల్‌లో అడగాలి. "చూద్దాం" అన్నది జవాబు కాదు.

ఇంట్లో అసలు ఎంత లోటు పడుతుందో మీకు తెలుసా? ఉత్తరమంతా "ఇబ్బంది" అనే ఉంది, ఒక్క అంకె లేదు. ఈసారి ఒంగోలు వెళ్లినప్పుడు నాన్నగారితో కూర్చుని పెన్షన్ ఎంత, చేతికొచ్చేది ఎంత, చెల్లికి ఇంకా కట్టాల్సిన రెండేళ్ల ఫీజు ఎంత, అప్పులేమైనా ఉన్నాయా అని కాగితం మీద రాయండి. నెలకు తేలే లోటు మీ ఎస్‌ఆర్‌ఎఫ్‌లోంచి పంపగలిగినంతే అయితే, మీ మీద ఉన్నది డబ్బు ఒత్తిడి కాదు, ఊళ్లో వాళ్ల ప్రశ్నల ఒత్తిడి. లోటు అంతకు మించితే ఉద్యోగం అవమానమేం కాదు, తొందరపాటూ కాదు. సీ ప్లస్ ప్లస్, పైథాన్, రెస్పాన్స్ మ్యాట్రిక్స్‌తో అన్‌ఫోల్డింగ్ (డిటెక్టర్ మసకను లెక్కతో తీసేయడం) చేసిన మనిషికి అనలిటిక్స్ పని బరువుగా ఉండదు. పెళ్లి విషయంలో అమ్మగారికి "యంత్రం వచ్చాక" అనే మాట ఎప్పుడూ చెప్పకండి, మీ పీహెచ్‌డీకి ఆ యంత్రంతో సంబంధం లేదు. ఆమెకు కావలసింది ఒక నెల, ఒక సంవత్సరం. గైడ్ గారితో మాట్లాడాక థీసిస్ ఇచ్చే తేదీ ఒకటి చెప్పండి. ఆమె ఊళ్లో వాళ్లకు చెప్పుకోవడానికి అది చాలు.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే రెండు రకాలుగా వెళ్లొచ్చు. రిజిస్ట్రేషన్ రద్దు చేసుకుని వెళ్తే మూడేళ్లకూ చేతిలో కాగితం ఉండదు. కొన్ని సంస్థలు మధ్యలో ఆగినవాళ్లకు పరిశోధన మాస్టర్స్ డిగ్రీ ఇచ్చి పంపుతాయి. మీ సంస్థలో ఆ నిబంధన ఉందో లేదో, ఫెలోషిప్ డబ్బు తిరిగి కట్టాలనే షరతు ఎక్కడైనా ఉందో, అకడమిక్ సెక్షన్‌లో రాతపూర్వకంగా తెలుసుకోకుండా రాజీనామా ఇవ్వొద్దు. రెండోది, కోర్సువర్క్, సమీక్షలు అయిపోయి ఉంటే పార్ట్‌టైమ్‌కు మార్చుకోవడం. కొన్నిచోట్ల కుదురుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది గానీ, వైట్‌ఫీల్డ్ ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు డిటెక్టర్ సిమ్యులేషన్ నడిపి థీసిస్ పూర్తి చేసేవాళ్లు తక్కువ. విశ్లేషణ ముగిసి రాత మాత్రమే మిగిలిన దశలో అయితే సాధ్యమే, మీరు ఇంకా ఆ దశకు రాలేదు.

మామయ్య ఇచ్చిన నెలలో మొదటి రెండు వారాలు మెట్ల పట్టికకు, మూడో వారం గైడ్ గారితో మాటలకు, మధ్యలో ఒక శని ఆదివారం ఒంగోలుకు సరిపోతాయి. ఈలోపు మామయ్యకు ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: ఆ ఖాళీ ఆయన టీమ్‌లోదా లేక ఆయన రిఫర్ చేస్తే ఇంటర్వ్యూ దాకా మాత్రమే వెళ్లేదా, ఆఫర్ వస్తే చేరే తేదీ ఎన్ని నెలలు వెనక్కి జరపనిస్తారు.